రసమునకు ఊరిపేరు

ఆషాఢమాసపు సాయంకాలమున యర్రగొండపాలెమునందు పడమటి దిక్కునకు తిరిగి నిలుచున్నవారికి నల్లమల శిఖరములపై కారుమబ్బు క్రమ్ముకొనియుండుట కనబడును. ఆ మబ్బు శ్రీశైలపు వైపున బరువు దించుకొని, కొండ దాటివచ్చునప్పటికి తేలికపడి, మన పొలముల మీదుగా వట్టి గాలియై పోవును. నైరృతి ఋతుపవనమునకు కొండ యడ్డము, ఈశాన్య ఋతుపవనమునకు సముద్రము దూరము. ఈ రెంటి నడుమ చిక్కిన మార్కాపురము, గిద్దలూరు సీమలను భూగోళజ్ఞులు వర్షచ్ఛాయా ప్రదేశమందురు, రైతులు కరవు సీమ యందురు.

ఇట్టి వర్షచ్ఛాయయే ఫ్రాన్సు దేశపు తూర్పుకొనయందలి ఆల్సాస్ సీమకు భాగ్యమైనది. అచ్చట వోజ్ పర్వతములు అట్లాంటిక్ మేఘములను తమ నెత్తినే కురిపించుకొనుటచే, తూర్పు పాదముననున్న కోల్మార్ పట్టణమునకు ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లకు మించి వాన దక్కదు. అయినను చలిదేశమగుటవలన ఆ కొంచెపు నీరు నేలలో నిలుచును; కొండనీడవలన మబ్బు లేని దినములు పెరుగును, రీస్లింగ్ ద్రాక్ష పులుపు చెడకుండ నిదానముగ తీపి కూర్చుకొనును. ఆ సీమలోనే ఆండ్లో గ్రామముకడ కాస్టెల్‌బర్గ్ అను నిటారు వాలు కలదు. దాని నేల పలకరాతి జాతికి చెందినది. మార్కాపురమున తరతరాల బడిపిల్లల చేతికి పలకయైన రాయి వంటిదే అచ్చట తెల్లని మద్యమునకు ఆధారమైనది. కొండ ఒకటే, నీడ ఒకటే. ఎండ వేరగుటచే అచ్చటిది కలిమి, ఇచ్చటిది లేమి యయ్యెను.

రసమును పుట్టినచోటి పేర పిలుచుట ఫ్రెంచివారు కనిపెట్టినది కాదు. అర్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులు చెప్పు సందర్భమున కౌటిల్యుడు ద్రాక్షరసమును మధువని పేర్కొని, కాపిశాయనము, హారహూరకము అను దాని నామములు స్వదేశమునుబట్టి వచ్చినవే యని వివరించెను. కాబూలునకు ఉత్తరమున నేడు బెగ్రాం అనబడు తావే ఆనాటి కాపిశి. ఆ ఊరిపేరునుండి కాపిశాయనశబ్దము పుట్టుటకు పాణిని ప్రత్యేకముగ ఒక సూత్రమునే రచించెను. రుచి యెరిగినవాడు ముందు ఊరడుగునన్నమాట.

ఫ్రాన్సులో ఈ ఊరడుగు విద్యను ఓపికతో పెంచినవారిలో సన్న్యాసులు ముఖ్యులు. 1114లో వెలసిన పొంటిన్యీ మఠపు సిస్టర్షియన్ సన్న్యాసులు శాబ్లీ గ్రామమున ద్రాక్ష సాగు చేసిరి. సెరాన్ నది కుడిగట్టున నైరృతి ముఖముగా సూర్యుని చూచు వాలు మీది పంటకు ప్రథమస్థానము; దాని మట్టిలో కోట్ల సంవత్సరముల నాటి సముద్రపు చిన్ని చిప్పలు సున్నపురాయితో కలిసి నేటికిని చేతికి తగులును. పైమిట్టమీది పంట అదే షార్డొనే తీగదైనను పెటీ శాబ్లీ అని తక్కువ పేరుతోనే అమ్ముడుపోవును. ఏప్రిల్ రాత్రుల మంచు చిగుళ్లను మాడ్చకుండ రైతులు తోటలో కుంపట్లు వెలిగింతురు, లేదా నీరు చిలికి చిగురు చుట్టు మంచుగవిసెన తొడుగుదురు. దక్షిణమున సోటెర్న్‌లో కథ తిరుగబడును: చల్లని సిరోన్ వాగు వెచ్చని గరోన్ నదిలో కలియుచోట శరత్కాలపు పొగమంచు లేచి, పండుమీద ఒక బూజును పెంచును, ఆ బూజు తొక్కను తూట్లు పొడువగా నీరు ఆవిరియై మిగిలిన తీపియే ఆ సీమకు కీర్తి. తెగులని తోచినది వరమగుట ఆ తావు మహిమ. ఈ అనుభవమంతయు కూడి 1935లో చట్టమై, ఊరిపేరును ఆ ఊరి రసమునకే కట్టబెట్టినది.

మన తెలుగునేలపై ద్రాక్ష కథ వేరు. హైదరాబాదు పరిసరములందు పంతొమ్మిదవ శతాబ్దపు చివర అబ్దుల్ బాకర్ ఖాన్ నాటించిన అనాబ్-ఎ-షాహి తెల్లద్రాక్షకు నిద్రపుచ్చు చలి ఇచ్చట లేదు. అందుచే రైతే కత్తెరతో ఋతువులు కల్పించి, ఏప్రిల్‌లో కొమ్మకొరకు ఒకసారి, అక్టోబరులో పండుకొరకు మరియొకసారి తీగను కత్తిరించి, వానలు రాకమునుపే గుత్తి చేతికి వచ్చునట్లు చేసెను. అది పందిరి పంట, తినుటకైన పండు, మద్యమునకు కాదు.

నల్లమల తానై యిచ్చిన రసము ఇప్పపూవుది. ఫాల్గుణ చైత్రములందు ఆకు రాల్చిన చెట్టు రాత్రివేళ వెన్నరంగు పూలను పండించి వేకువకు రాల్చును. పాలుట్ల వంటి గూడెముల చెంచు స్త్రీలు తెల్లవారకమునుపే గంపలతో పోయి, అంటిన ఇసుక దులిపి, ఏరి తెచ్చి ఎండబెట్టగా అవి కిస్మిస్ వలె ముడుచుకొనును. సోటెర్న్‌కు మంచు మేలు చేయగా, ఇచ్చట ఆ వారములలో పట్టిన వేసవి మబ్బు పూవును కుళ్లబెట్టును; మన కరవెండయే దానికి కాపు. ఎండిన పూవును తినుటయు, పులియబెట్టి సారా కాచుటయు చెంచుల పాతవాడుక.

దీనిని ప్రభుత్వము చూచిన చూపు వేరు. నాడు కర్నూలు జిల్లాలో నుండిన ఈ సీమకు 1886 మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చి, అనుమతి లేని బట్టీని నేరము చేసెను. 1948 నాటికి ప్రెసిడెన్సీ యంతట మద్యనిషేధమే వచ్చెను. నిషేధమున మంచి యుండవచ్చును. కాని ఒక చట్టమునకు రసము పన్ను వస్తువు, మరియొక దానికి దోషము. అది ఏ కొండది, ఏ ఎండది యని అడిగినది ఏదియు లేదు.

సారాను మరల తెమ్మని నేను కోరుట లేదు. ఆ పూవు ఆహారముగనే విలువైనది; దానిని కొనువాడు పొట్లముపై నల్లమల పేరును, ఏరిన గూడెము పేరును చూచి కొనునట్లు చేయవలెను. కాపిశి ద్రాక్షకు రెండువేల యేండ్లనాడే దక్కిన గౌరవము మన ఇప్పకు నేటికిని బాకీ యున్నది.