బెంగళూరు పేటలో చెకుముకి తుపాకి

బెంగళూరు సిటీ మార్కెట్ దగ్గర తారామండలపేట ఉంది. టిప్పు సుల్తాన్ తన ఆయుధ కర్మాగారాలకు తారామండలాలని పేరు పెట్టాడు. శ్రీరంగపట్నం, బెంగళూరు, చిత్రదుర్గం, నగర అనే ఊళ్లలో అవి నడిచాయి. ఆ పేరు వినగానే అందరికీ రాకెట్లే గుర్తొస్తాయి. అక్కడి పనితనం తెలియాలంటే మాత్రం చెకుముకి తుపాకిని చూడాలంటాను. దక్కను కమ్మరులకు గొట్టం సాగగొట్టడం కొత్త విద్య కాదు, జామగి తుపాకులు తరతరాలుగా చేస్తున్నవే. జామగికి మీట నొక్కితే చాలు, వెలిగే వత్తి వంగి రంజకాన్ని ముట్టిస్తుంది. చెకుముకి తుపాకిలో బలమైన స్ప్రింగు రాయిని ఉక్కు పలక మీదికి విసరాలి. ఆ దెబ్బకే పలక వెనక్కి పడి రంజకపు గిన్నె తెరుచుకోవాలి, రవ్వలు అందులోనే రాలాలి. పలక మెత్తబడితే నిప్పు రాలదు. స్ప్రింగు పెళుసైతే పుటుక్కున విరుగుతుంది, పదును తగ్గితే వంగి ఊరుకుంటుంది. ఉక్కు కాగుతూ మారే రంగును కనిపెట్టి, సరైన క్షణాన కొలిమి నుంచి తీసే కన్ను కావాలి దీనికి.

ఆ కన్ను ఈ నేలమీదే ఉంది. 1800లో మైసూరు సీమ తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ మాగడి ప్రాంతంలో ఉక్కు తయారీని, చన్నపట్నంలో వాద్యాల తంతులకు ఉక్కు తీగ తీయడాన్ని వర్ణించాడు. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. ఈ తుపాకి పనంతా ఫ్రెంచివాళ్లు నేర్పిన విద్యేనని కొందరంటారు. నమూనా యూరప్‌దే, కాదనలేం. 1788లో టిప్పు రాయబారులు పదహారో లూయీ కొలువుకు వెళ్లి చేతిపనివాళ్లను పంపమని కోరారు కూడా. అయితే నమూనా చూడటం వేరు, దాన్ని ఇక్కడి ఇనుముతో, ఇక్కడి బొగ్గుతో పనిచేయించడం వేరు. మైసూరు తుపాకుల మీద పులిచారల ముద్ర, పారసీలో చేసినవాడి పేరు, టిప్పు ప్రవేశపెట్టిన మౌలూదీ సంవత్సరం కనిపిస్తాయి. అసద్ ఖాన్ మొహమ్మద్ అనే పనివాడి సంతకమున్న తుపాకి 1793-94 నాటిది. అంటే యుద్ధం ఓడి చేసుకున్న 1792 శ్రీరంగపట్నం ఒప్పందంలో టిప్పు సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు పోగొట్టుకున్నాక కూడా కొలిమి చల్లారలేదు.

అవి రాజుగారి తుపాకులు, సిపాయి చేతిలోవి అంత నాజూకుగా ఉండవన్నది గట్టి అభ్యంతరమే. వెండి పని సిపాయికి దక్కదు, ఒప్పుకుంటాను. కానీ నిప్పు రాలడానికి వెండితో పని లేదు. అలంకారం తీసేసినా అదే స్ప్రింగు, అదే పలక కావాలి. ఇక యుద్ధం ఓడారు కదా అనేవారు 1791 మార్చి 21ని గుర్తు చేస్తారు. ఆ రాత్రి ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేనలు బెంగళూరు కోట పట్టుకున్నాయి, నిజమే. వాళ్లకు దారి చేసింది గోడ పగలగొట్టిన ఫిరంగులు. ముట్టడి ఫలితం నుంచి చేతి తుపాకి నాణ్యత తేల్చలేం. 1799 మే 4న టిప్పు చనిపోయాక మైసూరు సైనిక బలం కంపెనీ చేతికి పోయింది. కంపెనీ సిపాయిలకు తుపాకులు ఇంగ్లండు నుంచే ఓడల్లో వచ్చేవి. తారామండలాలు చేతకాక ఆగిపోలేదు, కొనేవాడు లేక ఆగిపోయాయి.