అనకార్డో, జీడి: రెండు పేర్లు, ఒకే బదిలీ

నౌపడ అనగానే ఉప్పు మడులు గుర్తొస్తాయి. అక్కడి నుంచి పలాస వైపు పోతే ఉద్దానం. అక్కడ ఏ నోట విన్నా జీడి మాటే. పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. ఈ పప్పును స్పెయిన్‌లో ‘అనకార్డో’ అంటారు. మన ‘జీడి’కీ దానికీ చుట్టరికం లేదు. కానీ రెండూ ఒకే పని చేశాయి.

చెట్టు పుట్టిల్లు బ్రెజిల్. తూపీ భాషలోని ‘అకజు’ పోర్చుగీసులో ‘కజు’ అయి, మన మిఠాయి కొట్లలో ‘కాజు’గా స్థిరపడింది. స్పానిష్ మాట్లాడే కొలంబియాలో దీన్ని ‘మరన్యోన్’ అంటారు, వెనిజులాలో ‘మెరేయ్’ అంటారు. స్పెయిన్ మాత్రం గ్రీకు ‘కార్డియా’ (గుండె) నుంచి వచ్చిన మాటను పట్టుకుంది. ఆ మాట అమెరికాను చూడకముందే యూరపులో ఉంది. మధ్యయుగ వైద్యులకు అనకార్డియం అంటే మన నల్లజీడి, అంటే చాకళ్లు బట్టలకు చెరగని గుర్తు పెట్టే గింజ. 1563లో గోవాలో అచ్చయిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా గ్రంథంలో అనకార్డో అంటే ఇదే. బ్రెజిల్ నుంచి కొచ్చిన్ తోటల్లోకి వచ్చిన కొత్త చెట్టును 1578లో బుర్గోస్‌లో అచ్చయిన తన స్పానిష్ గ్రంథంలో వైద్యుడు క్రిస్తోబల్ దె అకోస్తా వర్ణించాడు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ‘అనకార్డియం’ పేరును ఆ అమెరికా చెట్టుకే కట్టబెట్టాడు. అసలు హక్కుదారు నల్లజీడికి ‘సెమెకార్పస్ అనకార్డియం’ అని తోక పేరు మిగిలింది.

తెలుగులో ఈ బదిలీ పండితుల ప్రమేయం లేకుండానే జరిగింది. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. కొత్త చెట్టు పిక్క తొక్కలోని నూనె తగిలినా అంతే. అందుకే కొత్తదీ జీడే అయింది. కాయ పైనున్న పండును బట్టి ‘మామిడి’ చేరింది. మామిడి, నల్లజీడి, జీడిమామిడి మూడూ ఒకే వృక్షకుటుంబమని శాస్త్రం తేల్చిన సంగతి పల్లె జనానికి తెలియదు. అయినా వాళ్లు పెట్టిన పేరులో అది ఉంది. (‘ముంతమామిడి’ అనే పేరూ ఉంది గానీ వాడుకలో వెనకబడింది.)

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. మామిడి టెంకలోని పప్పునూ జీడి అంటాం కదా, ‘జీడిపప్పు’ అక్కడి నుంచే వచ్చి ఉండకూడదా? ఇరుగుపొరుగు భాషలు దీనికి ఒప్పుకోవు. కన్నడ ‘గేరు’ నల్లజీడికీ జీడిమామిడికీ ఉమ్మడి పేరు. మరాఠీలో ‘బిబ్బా’ నల్లజీడి అయితే కొంకణిలో ‘బిబ్బో’ జీడిపప్పు. ఒడియాలో ‘లంకాభాలియా’ అనే పేరుంది, అందులో ‘భాలియా’ అంటే నల్లజీడే. ఇన్ని భాషలు టెంకలోని పప్పును చూసి పేరు పెట్టలేదు, చేతులు పొక్కించే రసాన్ని చూసి పెట్టాయి. పలాస బట్టీల దగ్గర పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడేదీ ఆ రసంతోనే.

కాబట్టి నిఘంటుకర్తలు ‘జీడి’ కింద నల్లజీడి అర్థాన్ని మొదట, జీడిమామిడిని దాని నుంచి వచ్చిన అర్థంగా తర్వాత ఇవ్వాలి.