అటక నెక్కిన రకూను

మన దేశపు టడవులలో రకూను అను జంతువు లేదు. కావున ముందుగా దాని రూపమును మనవి చేసెదను. పిల్లికంటె బలిష్ఠమైన దేహము, బూడిదవన్నె బొచ్చు, కన్నుల చుట్టును దొంగ గుడ్డ కట్టుకొన్నట్లు నల్లని పట్టె, తోకపై వలయములు. ముంగాళ్లకు మాత్రము మనుష్యుని చేతివ్రేళ్లవలె విడివిడిగా కదలు వ్రేళ్లు గలవు. కుండమూత తీయుటకును, పైకప్పు పెంకు లెత్తుటకును ఆ వ్రేళ్లు చాలును. పెంకుటింటి అటకపై మానుపిల్లి చేరి రాత్రులందు చేయు సందడి మన పెద్దలకు తెలియనిది కాదు. దానికి రెండింతల బరువుగల జంతువు పిల్లలతోగూడ కాపురము పెట్టినచో నెట్లుండునో యూహించుకొనవచ్చును.

దీని పుట్టినిల్లు ఉత్తర అమెరికా. దాని పేరుకూడ అచ్చటి వర్జీనియా తీరమున నివసించిన పౌహటన్ జాతివారి భాషనుండి పుట్టినదే. జర్మనులు దీనిని ‘వాష్‌బేర్’ అందురు. కడుగు ఎలుగు అని యర్థము. బోనులో నున్న రకూను ఆహారమును నీట ముంచి తడవుచుండుటచే నీ పేరు వచ్చినది. 1758లో లిన్నేయసు పండితుడును దీనిని ఎలుగుల జాతిలోనే చేర్చెను. నిజమునకు అది కడుగుటయు గాదు, ఇది ఎలుగును గాదు. నీటియొడ్డున వేటాడు అలవాటుచే అది వ్రేళ్లతో తడవి వస్తువును గుర్తించును.

అట్టి అమెరికా జంతువు జర్మనీ దేశపు టిండ్ల అటకల పైకి వచ్చుటకు కారణము దాని బొచ్చు. బొచ్చుకోట్ల వేడుక పెరిగిన దినములలో వ్యాపారులు ఆ జంతువులను తెప్పించి దొడ్లలో పెంచిరి. హెస్సె మండలమున ఎడర్ నదికి ఆనకట్ట కట్టగా నేర్పడిన ఎడర్‌సే అను జలాశయ మున్నది. 1934 ఏప్రిలు 12వ తేదీని దాని యొడ్డు నడవిలో, రోల్ఫ్ హాగ్ అను కోళ్లపెంపకందారుని కోరికపై, విల్హెల్మ్ ఫాన్ బెర్లెప్ష్ అను అటవీ అధికారి రెండు జంటలను విడిచెను. అడవికి క్రొత్త శోభ కలుగునని వారి తలంపు. ప్రభుత్వపు అనుమతి రెండు వారముల పిమ్మట గాని రాలేదు! గోరింగు ఆజ్ఞచేతనే వీనిని విడిచిరను కథ పత్రికలలో పలుమారు వచ్చినది గాని యది సత్యము గాదు. 1945లో యుద్ధపు బాంబు బెర్లిను నగరమునకు తూర్పున వోల్ఫ్స్‌హాగెన్ గ్రామమందలి బొచ్చుదొడ్డిపై పడగా, సుమారు 25 రకూనులు తప్పించుకొని అచ్చట రెండవ సంతతికి మూలమయ్యెను.

హెస్సె ప్రాంతమున 1956లో 285 ఉన్నవని యంచనా వేసిరి. 1970 నాటికి ఆ సంఖ్య 20,000 దాటెను. 2008లో జర్మనీ యంతటను రెండు లక్షలకు తక్కువ గావని లెక్కించిరి. ఎడర్‌సేకు చేరువనున్న కాసెల్ నగరమునకు ఐరోపా రకూనుల రాజధాని యను పేరు వచ్చినది.

అడవి మృగమునకు పట్టణముతో పనియేమి? అడవిలో నది ముసలి ఓకుచెట్ల తొఱ్ఱలలో ఈనును. పాత యింటి అటకయు దానికి తొఱ్ఱయే: ఎత్తుగా, చీకటిగా, వెచ్చగా నుండును, క్రింద చెత్తతొట్టిలో భోజనము సిద్ధము. 10 సెంటీమీటర్ల సందు, అనగా సుమారు అర జానెడు, దాని ప్రవేశమునకు చాలును. లోపల చేరి, చలి రాకుండ పఱచిన పొరలను చీల్చి పడక చేసికొనును. ఒకేచోట మలము విడుచును. దానివలన దూలములు తడిసి, పైకప్పుపలకలకు మరకలు దిగును. ఆ మలమున మనుష్యులకు హాని చేయు ఏలికపాము గ్రుడ్లుండవచ్చును గాన, చేతొడుగులును ముక్కుగుడ్డయు లేక దానిని తుడువరాదు.

బోను పెట్టి పట్టిన తీరునుగదా యని తోచును. కాని ఖాళీయైన అటకను మఱియొక రకూను వెదకికొని వచ్చును. ఐరోపా సమాఖ్య 2014లో శాసనము చేసి, 2016లో రకూనును నిషిద్ధ జంతువుల పట్టికలో చేర్చిన పిమ్మట, పట్టినదానిని మరల అడవిలో విడుచుటకును వీలులేదు. కావున తెలివిగల గృహస్థులు జంతువునుగాక ఇంటినే చక్కబెట్టిరి.

ఇందు తొందర పనికిరాదు. వసంతమున తల్లి ఈని యుండును. అది మేతకు వెళ్లిన రాత్రి సందు మూసినచో, లోపల పిల్లలు చచ్చి యిల్లు కుళ్లుకంపు కొట్టును. వెలుపలి తల్లి పిల్లలకై కప్పునే పెఱికివేయును. కావున ముందుగా సందులో కాగితము లదిమి రెండు మూడు రాత్రులు చూతురు. అవి కదలక యున్నచో లోపల నెవరును లేనట్లు. కదలినచో అటకపై దీపము వెలిగించి, చప్పుడు చేయుదురు. తల్లి వేఱు తావు లెరిగినదే గాన, పిల్లల నొక్కొక్కదానినే నోట కఱచుకొని తరలిపోవును. కొందఱు వెలుపలికి మాత్రమే తెరచుకొను తలుపును సందునకు బిగింతురు. కాని పిల్లలు నడువలేని దినములలో నిదియు పనికిరాదు.

అందఱును వెడలిపోయిరని నిశ్చయమైన పిమ్మటనే మూయుట. కొయ్యపలకను అది కొఱికి తీయగలదు గాన గట్టి ఇనుపవలయే వాడవలెను. పొగగొట్టము నోటికి ఇనుప జల్లెడ, చెత్తతొట్టికి బిగింపుమూత. కప్పు పైకి వంగిన కొమ్మలు నఱికివేయుదురు. వాననీటి గొట్టమును పట్టుకొని ఎగబ్రాకకుండ దానిచుట్టును మీటరు పొడవున నున్నని రేకు చుట్టుదురు. పిల్లలెదిగి తల్లివెంట తిరుగు ఆకురాలుకాలమే ఈ పనికి అనువైనది. చలి ముదిరి రకూను వెచ్చని చోటు వెదకుటకు మునుపే ముగించుకొందురు.