భృతి నిరీక్షణము

ఒడలు పూర్తిగా చెడినవానికి వైద్యము, పూర్తిగా కుదిరినవానికి పని, పని దొరకనివానికి భృతి యని వ్రాయుట యే దేశపు శాసనకర్తకును కష్టము కాదు. ఒడలు సగము మాత్రమే కుదిరి, "బరువులెత్తరాదు, రాత్రి షిఫ్టు కూడదు, రెండు నెలలు నిలువుకాళ్ళపై పనిచేయరాదు" అని వైద్యుడు వ్రాసిన చీటీని చేతబట్టుకొని యజమాని కడకు పోయి, తేలికపని లేదనిపించుకొని, అటుపిమ్మట భృతి కచేరికి పోయి, పనికి తగుదువో తగవో ముందు తేల్చుకొని రమ్మనిపించుకొను మనుష్యుని విషయమే శాసనమునకు చిక్కనిది. విజయవాడయందును, దానిని చుట్టియున్న కృష్ణా డెల్టాయందును ఈ నడిమివాని చరిత్ర యెట్లు నడచినదో చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ ప్రశ్న ఫ్యాక్టరీలతో పుట్టలేదు, కరువులతో పుట్టినది. నందననామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు మండలమును పట్టిన కరువున అయిదు లక్షల జనములో రెండు లక్షలమంది వఱకు మరణించిరని యంచనా. కాటన్ దొర ప్రోత్సాహమునను కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమునను 1852లో మొదలై 1855 నాటికి బెజవాడ కడ ఆనకట్ట పూర్తియగుటకు ఆ విపత్తు స్మృతియే ముఖ్యకారణము. 1876–78 నాటి మహాక్షామమున మద్రాసు రాజధానిలోని మెట్టసీమలు మాడిపోవుచుండగా, కాలువనీరు పాఱిన డెల్టా నిలదొక్కుకొనెను. పని చేయగలవానికి కట్టపనియందు కూలి, చేయలేనివానికి శిబిరమున అన్నము అను విభజన సర్కారు విధానముగా స్థిరపడినది ఆ క్షామముననే. 1877లో భారత ప్రభుత్వపు క్షామ ప్రతినిధియగు సర్ రిచర్డ్ టెంపుల్ పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గింపగా, మద్రాసు శానిటరీ కమీషనరగు డాక్టరు కార్నిష్ ఆ తిండితో పనిచేయు దేహము నిలువదని గట్టిగా వాదించెను. ఎవడు బలవంతుడు, ఎవడు దుర్బలుడు అనునది అధికారి కంటిచూపున తేలునట్టిది గనుక, బలవంతుల పట్టీలో చేరినవాడు ఆ కూలితోనే కృశించి దుర్బలుల పట్టీలోనికి జాఱుటయు కలదు. అయినను ఒక్క విషయమున ఆ నిర్దయులకు మనము న్యాయము చేయవలయును: బలహీనులకు వేఱుగా తేలికపని యేర్పఱచవలయునను ఊహ వారి నిబంధనలయందుండెను. కూలి తక్కువ, మర్యాద అంతకన్న తక్కువ. కాని ఊహ యున్నది. తరువాతి కార్మిక శాసనములు దానిని చాలకాలము మఱచిపోయినవి.

ఆనకట్ట నీటితో రెండు పంటలెఱిగిన డెల్టా పల్లెలలో రోగము వచ్చిన పనివానికి శాసనమెక్కడిది? ఏడాదికింత ధాన్యమని మాటాడుకొని పాలేరుగా కుదిరినవాడు జ్వరముతో పడకవేసినచో ఆ దినములు నాగాలుగా లెక్కకెక్కెడివి. లెక్క సంవత్సరాంతమున గింజలలో తీఱెడిది. నడుము పట్టినవానికి నాగలి తప్పించి పశువులకాపున పెట్టుట దయగల ఆసామి చేసిన పనియే గాని పాలేరునకు హక్కు కాదు. ఆ దయ లేనిచోట అడుగుట కెవడును లేడు.

హక్కు అను భావము 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టముతో మన దేశమున ప్రవేశించి, 1924 జులై 1 నుండి అమలునకు వచ్చినది. అంతకు పండ్రెండేండ్లు ముందే, 1911 నాటి జాతీయ బీమా చట్టముతో, ఇంగ్లండు కొన్ని పరిశ్రమలలో నిరుద్యోగ బీమాను స్థాపించియుండెను. వారమునకేడు షిల్లింగులు, ఏడాదిలో పదునైదు వారములు. మొదటి వారమునకు మాత్రము ఏమియు లేదు. అడుగువాడు పని చేయ సమర్థుడై, తగిన పని దొరకనివాడై యుండవలయునన్నది షరతు. అసమర్థునికి అదే చట్టపు మఱియొక భాగమున అనారోగ్య భృతి కలదు. ఒకే కాగితముపై రెండు ద్వారములు, నడుమ ఒక గోడ: లోకమందలి భృతి శాసనములు పెక్కింటికి ఇదియే నమూనా యైనది.

మన 1923 చట్టమునకు నిరుద్యోగముతో పనిలేదు. పనిలో జరిగిన ప్రమాదమే దానికి విషయము. అందును నిరీక్షణము తప్పదు. అశక్తత పది దినములకు మించినగాని పరిహారము లేదని మొదట వ్రాసిరి. కార్మికుల స్థితిని విచారించిన విట్లే కమీషను నివేదిక పిమ్మట 1933లో ఆ పది ఏడైనది. 1959లో ఏడు మూడైనది. అశక్తత యిరువదియెనిమిది దినములు సాగినచో మొదటి దినమునుండియే చెల్లింపవలయునన్న నియమమును చేరినది. పది నుండి మూడునకు దిగుటకు ముప్పదియాఱేండ్లు పట్టినదని గమనింపదగును. ప్రమాదవార్త అందిన మూడు దినములలో యజమాని తన ఖర్చుపై వైద్యుని జూపింతునన్నచో కార్మికుడు ఒడలప్పగింపవలయును. కాదన్నచో అతని హక్కు అంతవఱకు నిలిచిపోవును. దేహము కార్మికునిది, దానిపై మొదటి తీర్పు యజమాని పంపిన వైద్యునిది.

రోగమునకు గూడ బీమా కావలయునన్న తలపు ఆచార్య బి. పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదికతో రూపుగట్టి, 1948 ఏప్రిలులో ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమై, 1955లో ఆంధ్రమునకు చేరెను. నెలకు 400 రూపాయల లోపు జీతగాండ్రకే నాడు అది వర్తించెడిది. నేటి పరిమితి 21,000. ఏడాదికి 56 దినముల అనారోగ్య భృతితో మొదలై 91 దినములకు పెరిగినది; జీతములో నూటికి డెబ్బది వంతులు. క్షయ మొదలగు దీర్ఘరోగములకు ప్రత్యేకమైన పొడిగింపు కలదు; నేడు ఎయిమ్స్ నెలకొనియున్న మంగళగిరి భూమిలో క్షయరోగుల శానిటోరియమున్న కాలమును ఎఱిగిన వృద్ధులకు ఆ పొడిగింపు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే ఈ చట్టము విద్యుచ్ఛక్తితో నడచు ఫ్యాక్టరీలకు వచ్చినది గాని ఋతువును బట్టి నడచు ఫ్యాక్టరీలకు రాలేదు. చక్కెర, బెల్లము తయారీ, ప్రత్తి గింజ తీయుట, వేరుసెనగ ఒలుచుట మినహాయింపబడినవి. పైరు ననుసరించియే యంత్రము తిరుగు డెల్టాయందు దీని యర్థమేమో ఉయ్యూరు చక్కెర మిల్లును, గుంటూరు వైపు ప్రత్తి మిల్లులను చూచినవా రెఱుగుదురు. గానుగ ఆడిన నెలలు పని, ఆడని నెలలు ఎదురుచూపు. ఏ నెలయందును బీమా లేదు. ఢిల్లీలో కూర్చుండి వ్రాసినవారికి ఏడాది పొడవున నడచు బట్టల మిల్లు కంటిముందుండెనేమో. మన పంటకాలువ ఉండలేదు.

గుణదలలోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి చుట్టును, ఆటోనగరు షెడ్ల నడుమను ఈ చట్టమును దాని సహజరూపమున చూడవచ్చును. లేతు మీద పనిచేయువాడొకడు వెన్నుపూస జాఱి మంచమెక్కినాడనుకొందము. అతడు చందా కట్టిన ఆఱు నెలల కాలము వేఱు, ఆ చందా ఫలమును పొందు కాలము వేఱు: ఏప్రిలు నుండి సెప్టెంబరు వఱకు కట్టినది మఱుసటి జనవరి నుండి జూను వఱకు పనికివచ్చును, అందు కనీసము 78 దినముల చందా యుండవలయును. ఆ గండము గడచినచో, మొదటి రెండు దినములు భృతి లేనివి. అటుపై డాక్టరు చీటీ, మధ్యచీటీ, ఆఖరి చీటీ. ఆఖరి చీటీతో షెడ్డుకు పోగా ఫోర్మను చీటీ వెనుకవైపు తిప్పి చూచి, "బరువు లెత్తొద్దని రాశారు గదా, ఇక్కడ కూర్చునే పని ఎక్కడుందబ్బాయ్? ఫుల్ ఫిట్ అని రాయించుకుని రా, లేకపోతే ఇంకో పది రోజులు ఇ.ఎస్.ఐ.లోనే ఉండు" అనును. డాక్టరు, "నీకు నయమైంది, ఇంకా సిక్ ఎట్లా రాస్తానయ్యా" అనును. ఇరువురును అబద్ధమాడలేదు. అనారోగ్య భృతి కాలములో పనినుండి తొలగింపరాదని 1948 చట్టమున 73వ సెక్షను ఘోషించెను. కాని ఆ రక్షణ భృతి నడచునంతవఱకే. చీటీకిని షెడ్డునకును నడుమ గడచు దినములకు జీతమును లేదు, భృతియును లేదు.

పనిలో దెబ్బతగిలినవాని మార్గము కొంత మేలు. తాత్కాలిక అశక్తతకు జీతములో నూటికి తొంబది వంతులు చెల్లును. అశక్తత శాశ్వతమైనచో మెడికల్ బోర్డు సంపాదనాశక్తి నూటికెంత నశించినదో లెక్కగట్టగా, ఆ మేర జీవితాంతము భృతి లభించును. నచ్చనిచో అప్పీలు కలదు. సగము శక్తి యను వస్తువు ఒకటి కలదని చట్టమే యిచ్చట ఒప్పుకొనుచున్నది. యంత్రమున వ్రేలు తెగినవానికి ఒప్పుకొన్నది, కీళ్ళరోగము వచ్చినవానికి ఒప్పుకొనదు. ఈ భేదమునకు ధర్మశాస్త్రములో గాని వైద్యశాస్త్రములో గాని ఆధారము నాకు కనబడదు. ఖర్చెవరిదను లెక్కలో మాత్రము కనబడును.

1953లో పారిశ్రామిక వివాదాల చట్టమునకు లేఆఫ్ (తాత్కాలికముగా పని నిలుపుట), రిట్రెంచిమెంటు (కొలువునుండి తగ్గించుట) పరిహారములు చేర్చబడెను. లేఆఫ్ అయినవానికి సగము జీతము. కాని దినమున కొకసారి నియమితవేళకు ఫ్యాక్టరీ కడకు వచ్చి హాజరు కావలయును, రానివానికి లేదు. ఉద్యోగము పోయినవానికి ఏడాది సేవకు పదునైదు దినముల జీతము. అంతయు బాగుగనే యున్నది. రిట్రెంచిమెంటు నిర్వచనమున చివర ఒక చిన్న ఉపవాక్యము మాత్రము ఉండెను: ఎడతెగని అనారోగ్యము కారణముగా తొలగించుట రిట్రెంచిమెంటు కాదు. యజమాని వ్యాపారము క్షీణించినచో కార్మికునికి పరిహారము, కార్మికుని దేహము క్షీణించినచో శూన్యము. శ్రమజీవుల జీవితములను ఇంత నిశ్శబ్దముగా తాకిన ఉపవాక్యము మఱియొకటి యుండుట అరుదు.

తేలికపనిని హక్కుగా గుర్తించినవి ఫ్యాక్టరీలు కావు, బండ్లు నడపు సంస్థలు. 1893లో కృష్ణపై వంతెన పడినది మొదలు బెజవాడ రైల్వే పట్టణమైనది. ఇంజను నడుపువానికి ఏ-వన్ దృష్టి కావలయును. కాలవ్యవధిని బట్టి జరుగు పరీక్షలో కంటిచూపు తప్పినవానిని రైల్వే కాలనీలలో 'డీకేటగరైజ్ అయ్యాడు' అందురు. అట్టివానిని సెలవుపై నుంచి వేఱొక కొలువు వెదకుట పాతపద్ధతి. గడువులో దొరకనిచో నౌకరి ముగిసెడిది. ఆ గడువున ఆఫీసు వరండాలలో కాలము గడపిన డ్రైవరులకు, నిన్నటిదాక మెయిలు నడిపిన చేతులతో ఏ గుమాస్తాకొలువుకో ప్యూను కొలువుకో దరఖాస్తు వ్రాయుట ఎంతటి దుఃఖమో ఊహింపవచ్చును. 1995 నాటి వికలాంగుల చట్టము 47వ సెక్షనున, సేవలో నుండగా వైకల్యము పొందినవానిని తొలగింపరాదనియు, తగిన పని లేనిచో అదనపు పోస్టు సృష్టించి జీతము చెడకుండ నిలుపవలయుననియు ప్రభుత్వ సంస్థలను శాసించినది. 1999లో రైల్వేబోర్డు తన నియమములను తదనుగుణముగా మార్చెను. 2003లో సుప్రీంకోర్టు, కాలు కోల్పోయిన భద్రతాదళ కానిస్టేబులొకని వ్యాజ్యమున ఈ సెక్షను విధి గాని దయ కాదని స్పష్టము చేసెను. 2016 నాటి కొత్త చట్టములో 20వ సెక్షను దీనికి వారసురాలు.

ఆర్టీసీ కథ దీనికి ముందుది. 1958లో ఏర్పడిన ఆ సంస్థ, 1979 డిసెంబరులో కార్మిక సంఘములతో చేసికొనిన ఒడంబడికలో, రంగులు గుర్తింపజాలని డ్రైవరులకు ప్రత్యామ్నాయ ఉద్యోగమిత్తునని సమ్మతించెను. పార్లమెంటు పదునాఱేండ్ల తరువాత చెప్పినదానిని సంఘములు బేరమాడి ముందే సాధించుకొన్నవి. కాని తరువాతి సర్క్యులర్లతో ఆ హామీ సన్నగిల్లినది. రంగుల అంధత్వము 1995 చట్టపు జాబితాలోని వైకల్యము కానందున, మెడికల్ అన్‌ఫిట్ అయిన డ్రైవరు ఒడంబడికకును చట్టమునకును సందున చిక్కెను.

ఉద్యోగము పోయినవానికి నేరుగా నగదు భృతి నిచ్చు రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన 2005 ఏప్రిల్ 1న వచ్చినది. అదియు ఇ.ఎస్.ఐ. సభ్యులకే. సంస్థ మూతపడుట, రిట్రెంచిమెంటు, పనితో సంబంధము లేని గాయమువలన నూటికి నలుబదికి తగ్గని శాశ్వత అశక్తత అని మూడు కారణములు. 1953 ఉపవాక్యము వెలివేసిన రోగికి ఇచ్చట నొక కిటికీ తెఱచినారు, కాని దానిని నలుబది యెత్తున అమర్చినారు. ముప్పది వంతుల వెన్నునొప్పి ఆ యెత్తునకు చేరదు. 2018 జులై నుండి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చి, జీవితమున ఒక్కసారి, తొంబది దినముల వఱకు, జీతములో నాలుగవ వంతు ఇచ్చెను. కాని మొదట పనిపోయిన తొంబది దినములకు గాని క్లెయిము పుట్టెడిది కాదు. కరోనా విపత్తున 2020 మార్చి 24 నుండి ఆ నాలుగవ వంతును సగమునకు పెంచి, నిరీక్షణమును ముప్పది దినములకు దించి, యజమాని సంతకముతో పనిలేకుండ నేరుగా బ్రాంచి ఆఫీసులో క్లెయిము వేసికొన ననుమతించిరి. మూతబడిన షెడ్డు యజమానిని వెదకి సంతకము తెమ్మనుటలోని అసంగతము తెలియుటకు ఒక మహమ్మారి కావలసివచ్చెను.

పల్లెకూలీకి ఉపాధి హామీ చట్టము కృష్ణా జిల్లాలో చివరి విడతగా 2008 ఏప్రిలులో ప్రవేశించెను. అడిగిన పదునైదు దినములలో పని చూపనిచో భృతి యీయవలయునని అందుండెను: మొదటి ముప్పది దినములకు కూలిలో నాలుగవ వంతు, ఆపైన సగము. అడిగినట్లు తేదీ వేసిన రసీదు చేతిలో నున్నవానికే ఆ హక్కు. రసీదు చేతికి వచ్చుట కష్టము గనుక దీనినిగూర్చి ఎక్కువ వ్రాయుట కేమియు లేదు.

ఆర్టీసీ కథకు మరల వత్తము. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, 2014లో ఉమ్మడి ఆర్టీసీలో చేరి 2016 జనవరిలో రంగుల అంధత్వమువలన ఇంటికి పంపబడిన డ్రైవరొకని అప్పీలును విని, 1979 నాటి ఒడంబడిక నేటికిని చెల్లుననియు, ప్రత్యామ్నాయపు పని లేదని చూపవలసినది సంస్థయే గాని పని యున్నదని చూపవలసినది కార్మికుడు కాదనియు తీర్పు చెప్పెను. ఎనిమిది వారములలో పాత జీతముతో తగిన కొలువు ఈయవలయునని ఆదేశించెను. తొమ్మిదేండ్లకు పైబడిన నిరీక్షణకాలపు బకాయిలో అతనికి దక్కునది నూటికి ఇరువదియైదు.