ఏటవాలు రేకు – ధ్రువిత కాంతి: ఒక ప్రయోగ చరిత్ర

పరిచయం

కాంతి ధ్రువణాన్ని పూర్తిగా వర్ణించడానికి స్టోక్స్ 1852లో నాలుగు పరామితులను ప్రతిపాదించాడు. నూరేళ్లు దాటాక అవే పరామితులు పరమాణు భౌతికశాస్త్రంలో ఒక ప్రశ్నను తేల్చడానికి పనికివచ్చాయి. పలుచని రేకు గుండా దూసుకుపోయిన అయాన్ వెలువరించే కాంతి స్వభావాన్ని నిర్ణయించేది రేకు లోపలి భాగమా, ఉపరితలమా?

1. కొత్త కాంతి జనకం

1963లో ఎల్. కే, 1964లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ బాష్కిన్ ఒక కొత్త పద్ధతిని వెల్లడించారు. వాన్ డి గ్రాఫ్ యంత్రం నుంచి వచ్చే అయాన్ పుంజాన్ని పలుచని రేకు గుండా పంపితే, అవతలి వైపు అయాన్లు ఉత్తేజిత స్థితిలో బయటపడి కాంతిని వెలువరిస్తాయి. సాధారణంగా వాడే కార్బన్ రేకు మందం కొన్ని పదుల నానోమీటర్లే. 130 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల హీలియం అయాన్ దాన్ని దాటడానికి 10⁻¹³ సెకను కూడా పట్టదు. కనుక ఉత్తేజం దాదాపు ఒకే క్షణంలో జరుగుతుంది. ఆ తరువాత రేకు నుంచి కొలిచిన దూరమే కాలానికి కొలమానం. ఉత్తేజిత స్థితుల జీవితకాలాలను ఈ విధంగా నేరుగా కొలవగలిగారు.

2. సౌష్ఠవం విధించిన హద్దు

రేకు పుంజానికి లంబంగా ఉన్నప్పుడు పుంజం చుట్టూ అన్ని దిశలూ సమానమే. అందువల్ల రేఖీయ ధ్రువణం సాధ్యమే కానీ, కుడి ఎడమలలో ఒక భ్రమణ దిశకు మొగ్గు ఉండదు. కాబట్టి వృత్తాకార ధ్రువణం కనిపించదు. ఇలాంటి వాదాలకు ఫానో, మాసెక్ 1973లో స్పష్టమైన గణిత రూపం ఇచ్చారు.

3. 1974 ప్రయోగం

బెర్రీ, కర్టిస్, ఎల్లిస్, షెక్ట్‌మన్ రేకును ఏటవాలుగా నిలిపి, హీలియం 5016 ఆంగ్‌స్ట్రామ్ రేఖకు స్టోక్స్ పరామితులను కొలిచారు. వృత్తాకార ధ్రువణం కనిపించింది! పుంజమూ, రేకు తలానికి గీసిన లంబమూ కలిసి ఒక తలాన్ని నిర్ణయిస్తాయి. ఆ తలానికి లంబదిశలో పరమాణువుల కోణీయ ద్రవ్యవేగం మొగ్గు చూపిందని దీని అర్థం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రేకు లోపల కార్బన్ పరమాణువులకు క్రమమైన అమరిక లేదు. రేకు ఏటవాలుగా ఉందో లేదో లోపల ప్రయాణించే అయాన్‌కు 'తెలిసే' మార్గం లేదు. ఆ వాలును చూపేది ఉపరితలం మాత్రమే. అంటే అయాన్ బయటికి వచ్చే చివరి అంచు కాంతిపై తన ముద్ర వేస్తోంది. ఆ ముద్రకు కారణం ఉపరితలం దగ్గరి విద్యుత్ క్షేత్రమా, అక్కడ ఎలక్ట్రాన్లను గ్రహించడంలోని అసమానతా అన్న చర్చ ఆ తరువాత సాగింది.

4. పర్యవసానం

ఎలక్ట్రాన్ల కోణీయ ద్రవ్యవేగంలోని ఈ మొగ్గు అతిసూక్ష్మ అన్యోన్యచర్య ద్వారా కేంద్రకానికీ చేరుతుంది. అందుకే వరుసగా నిలిపిన ఏటవాలు రేకులు కేంద్రకాలను ధ్రువితం చేసే సాధనంగా మారాయి. కేవలం కాంతి జనకంగా మొదలైన రేకు తానే పరిశోధనాంశమైంది. పరికరం మారలేదు, దాని కోణం మారింది. ఏ సౌష్ఠవాన్ని తొలగిస్తే ఏది బయటపడుతుందో ముందే ఆలోచించడం ఈ చరిత్ర నేర్పే పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

రేకు వాలును ఎదురు దిశకు మార్చితే వృత్తాకార ధ్రువణ దిశ ఏమవుతుంది? సౌష్ఠవం ఆధారంగా వివరించండి.