నిలువెత్తు బంగారం

2026 జనవరి. మేడారం జాతరకు ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. బూర్గంపాడు బజార్లో బెల్లం దుకాణం ముందు మొక్కు ఉన్నవాళ్లంతా వరస కట్టారు. "ఆధార్ జిరాక్స్ ఎవరెవరు తెచ్చుకున్నరు?" అని షావుకారు లోపల్నుంచి కేకేస్తున్నాడు. బెల్లం గుడుంబా బట్టీలకు పోకుండా పెట్టిన కట్టడి అది. నా ముందున్న తల్లి తన పిల్లాణ్ని కాటా మీద నిలబెడుతోంది. వాడు నిలబడడు, కూలబడి బెల్లం దిమ్మను గోకి వేలు నాకుతున్నాడు. పదకొండు కిలోలు. అంత బెల్లమూ సంచిలో పడింది.

మేడారం తల్లులు సమ్మక్క, సారలమ్మలకు బెల్లమే బంగారం. మనిషి ఎంత తూగితే అంత ఇచ్చుకోవాలి.

పక్క బండి మీద మిర్చి బజ్జీలు వేస్తున్నారు. శనగపిండి జారుడు నూనెలో పడగానే సుయ్యిమన్న చప్పుడు, వెనకే వాము వాసన. నా నోట్లో నీళ్లూరుతున్నాయి. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిన్నాను, కడుపు ఖాళీగా ఏమీ లేదు. అయినా చెయ్యి జేబులో చిల్లర వెతుకుతోంది. ఆకలి కడుపులో పుడుతుందని ఎవరన్నారో గానీ, నాకు మాత్రం దవడల కింద పుడుతుంది.

నా వంతొచ్చింది. చెప్పులు విప్పి, ఫోను, తాళాలు గల్లాపెట్టె మీద పెట్టాను. షావుకారు నవ్వాడు. "లారీలను గూడా ఇట్లనే తూస్తవా అన్నా?" నా కొలువు రోడ్డు పక్క ధర్మకాటాలో. సారపాక పేపరు మిల్లుకు పోయే జామాయిల్, సుబాబుల్ దుంగల లారీలకు లోడు తూకం, ఖాళీ తూకం రాసి రసీదు ఇస్తాను. రోజంతా కుర్చీలోనే.

నా బరువు చరిత్ర తెలియాలంటే మా అమ్మ దాచిన బెల్లం చీటీలు చూడాలి. 2018 జాతరకు 96 కిలోలు. అప్పట్లో తెలుగు నేలంతా విజయవాడ వీరమాచనేని రామకృష్ణ డైటే. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ గోలీలు, అన్నం బంద్. నేనూ పట్టాను. 2020 జాతరకు 78. చూసినవాళ్లంతా ఆపి మరీ అడిగారు. 2022కు 91, 2024కు 98. ఈ రెండుసార్లూ ఎవరూ ఆపి అడగలేదు, వెనక నుంచి అన్నారు. తప్పు ఆ డైట్‌దని నేననను. ఏ దారిన తగ్గినా ఒళ్లు ఊరుకోదు.

అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీ ఒకటుండేది, ది బిగ్గెస్ట్ లూజర్ అని. అందులో తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లకు 41 కిలోలు తిరిగొచ్చాయి. అంతకన్నా కష్టమైన సంగతి ఇంకోటి. ఖాళీగా కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు పెట్టాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు పెడుతోంది. అంటే దగ్గర దగ్గర ఒక పళ్లెం అన్నం. తగ్గిన మనిషి, ఎప్పుడూ అంతే బరువున్న మనిషి పక్కపక్కన కూర్చుని ఒకేలా తింటే, తగ్గినవాడే పెరుగుతాడు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ కూడా తగ్గిపోతుంది. దీన్ని 'నోరు కట్టుకోలేడు' అనే ఒక్క మాటతో తేల్చేస్తారు మనవాళ్లు.

కాటా అంకెలు 85, 83 మధ్య ఊగుతున్నాయి. ఊపిరి బిగబట్టాను, దానివల్ల ఒరిగేదేమీ లేదని తెలిసీ. 84 దగ్గర ఆగింది.

98 నుంచి తగ్గి పోయిన ఏడాది సంక్రాంతికే ఇక్కడికి వచ్చాను. అప్పట్నుంచి ఈ ఏడాది కాలంలో నేను తగ్గిందేమీ లేదు, పెరగలేదు, అంతే. దానికే రాత్రి అన్నం మానాను. పొద్దున గోదారి ఒడ్డుకు నడుస్తున్నాను. వారానికోసారి కాటా ఎక్కుతున్నాను. పెళ్లిళ్లలో "ఒక్క ముద్ద తింటే ఏమైతది" అనే మేనత్తల పక్కన కూర్చోవడం లేదు. ఇందులో ఏదీ కొన్నాళ్లకు అయిపోయే పని కాదు.

పక్కనే ఉన్న అమ్మకు మాత్రం నచ్చలేదు. "పోయినసారి కంటే 14 కిలోలు తక్కువ పెడితే తల్లికి కోపం రాదా?" అంది. "మనిషి తూగినంతనే గదా మొక్కు" అన్నాడు షావుకారు, సంచి మూతి కడుతూ. ఆ వెంటనే నా వైపు తిరిగి, "ఈసారన్నా ఉంటదా అన్నా, మళ్లీ పెరుగుతవా?" అన్నాడు.

పెరగొచ్చు. చాలామంది పెరుగుతారు. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా అలా పెరిగి ఎదురైతే, పొట్ట చూసి మాట్లాడకండి. పొద్దున నడకకు తోడు రమ్మని పిలవండి.