యంత్రము – కార్మికుడు – బాధ్యత

పశ్చిమ కనుమల పాదాన వెలసిన రాజపాళయం పేరు వినగానే నూలు మిల్లులు స్ఫురిస్తాయి. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు రాజపాళయం మిల్స్‌ను స్థాపించిన పిమ్మట, మడక పట్టిన కుటుంబాల బిడ్డలెందరో మరల చెంతకు చేరారు. యంత్రం అన్నం పెట్టింది. అయితే తిరిగే చక్రానికి దయాదాక్షిణ్యాలు ఉండవు. చేయి నలిగిన వేళ తప్పెవరిదన్న ప్రశ్న ప్రతి మిల్లు ఊరిలోను పుట్టినదే.

ఈ ప్రశ్నకు చరిత్ర ఒకే సమాధానం చెప్పలేదు. తోటి పనివాని పొరపాటుకు యజమాని బాధ్యుడు కాడన్న వాదానికి 1837 నాటి ఒక ఆంగ్ల న్యాయస్థాన తీర్పు మూలమైంది. పనిలో చేరినవాడు అపాయానికి కూడ సమ్మతించినట్లే అని భావించిన కాలమది. 1897లో ఇంగ్లండు శాసనం ఆ దృక్పథాన్ని మార్చింది. మన దేశంలో 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టం 1924 జూలై 1న అమలులోకి వచ్చింది. యజమాని తప్పు నిరూపించనవసరం లేకుండానే పరిహారం లభించే మార్గం ఏర్పడింది. రక్షణ సాధనాన్ని కార్మికుడు బుద్ధిపూర్వకంగా తొలగిస్తే మినహాయింపు ఉన్నా, మరణం సంభవించినప్పుడు ఆ మినహాయింపు చెల్లలేదు. నింద ఎవరిదైనా, ఇంటివారు పస్తులుండరాదన్నదే దాని అంతరార్థం.

1948 ఫ్యాక్టరీల చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. అపాయకరమైన యంత్రభాగాలకు దృఢమైన కంచె ఉండాలని శాసించింది. దాని ననుసరించి మద్రాసు ఫ్యాక్టరీ నియమావళి 1950లో వెలువడింది. నాటి ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజా గారు రాజపాళయం బిడ్డ కావడం మనకు స్మరణీయం.

ఆపై రోబోల యుగం వచ్చింది. 1979 జనవరి 25న అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో, కార్ల కర్మాగారపు అరలనుండి లోహపు భాగాలు తీయబోయిన కార్మికుడు రోబో చేతి దెబ్బకు మరణించాడు. దగ్గరకు వస్తున్నట్లు హెచ్చరించే ఏర్పాటు ఆ యంత్రానికి లేదు. 1983లో జ్యూరీ తయారీదారుపై కోటి డాలర్ల పరిహారం విధించింది. 2015లో హర్యానాలోని మానేసర్‌లోను ఒక యువకుడు రోబోకు బలి అయ్యాడు.

ఇట్టి వేళల "యంత్రం చంపింది" అనడం తేలిక. కాని యంత్రానికి సంకల్పం లేదు. కంచె కట్టనివారు, శిక్షణ ఇవ్వనివారు, విద్యుత్తు ఆపకుండానే లోనికి పంపినవారు మనుష్యులే. కార్మికుని ఏమరుపాటు కూడ ఒక కారణం కావచ్చు. అయితే మానవుడు ఏమరుతాడని ముందే ఎరిగి యంత్రాన్ని నిర్మించడమే శాస్త్రజ్ఞుని ధర్మం. ఈ పాఠశాల బల్లలపై కూర్చున్న బాలబాలికలలో రేపు యంత్రం నడిపేవారు, నిర్మించేవారు, మిల్లును నిర్వహించేవారు ఉంటారు. ప్రమాదం జరిగిన పిదప "ఎవరు దోషి?" అని అడుగుటకు ముందే "ఏ కంచె లోపించింది?" అని విచారించే అలవాటు వారికి అబ్బుగాక.